కారల్లం: ఒక కొండపూవుకు పేరు వచ్చిన కథ

ఆంధ్రప్రదేశ్‌కు నైఋతి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో రొళ్ల ఉన్నది. చాలకాలం అనంతపురం జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండల కేంద్రం. చుట్టూ రాతి గుట్టలు, పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందులలో ముండ్ల పొదలు. పాత అనంతపురం జిల్లాలో సంవత్సరానికి పడే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో ఎక్కువ భాగం జూన్ మొదలు అక్టోబరు వరకు ఉన్న కొద్ది నెలలలోనే పడిపోతుంది. అందుచేత ఈ ప్రాంతపు మొక్కలకు వ్యవధి చాల తక్కువ. వాన పడిన వెంటనే మొలచి, పూచి, కాచి, విత్తనం రాల్చవలెను. ఏడాదిలో చాల నెలలు బోడిగా కనిపించే గుట్ట, వానల తరువాత కొన్ని వారాలు మాత్రం రంగురంగుల పూలతో నిండి ఉంటుంది.

ఆ రోజులలో గుట్ట ఎక్కిన విద్యార్థికి మొదట కలిగే సందేహం ఒక్కటే: ఇది ఏమి పూవు? రొళ్ల ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఒకటికి రెండు సమాధానాలు వస్తవి. ఇక్కడి ప్రజలలో తెలుగు మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు కలిసి జీవిస్తున్నారు. తెలుగువారి తంగేడు కన్నడిగులకు తంగడి. తుమ్మి వారికి తుంబె. మోదుగ ముత్తుగ అవుతుంది. జిల్లేడును వారు ఎక్క అంటారు. ఇవి గాక పాఠ్యపుస్తకంలో మూడవ పేరు ఒకటి ఉన్నది. అది రెండు మాటలతో కూడిన లాటిన్ పేరు.

ఈ మూడవ పేరు విదేశాలలో పుట్టినదనీ, ఊరివారు చెప్పే పేరుతో దానికి సంబంధం లేదనీ సాధారణంగా అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరుగా ఉన్నది. తెలుగుదేశంలో అడవిపూలను శాస్త్రరీత్యా గుర్తించే పని ఊరివారి పేరుతోనే మొదలైనది. కొన్నిచోట్ల ఆ పేరే ప్రపంచమంతటా నిలిచినది. ఇందుకు సాక్ష్యం వెదకుటకు దూరం పోనక్కరలేదు. ఇటువంటి ఎండు గుట్టల రాళ్ళ సందున పెరిగే ఒక చిన్న మొక్క చాలు.

రాళ్ళ సందున పెరిగే మొక్క

దూరం నుండి చూస్తే ఈ మొక్క ఆకులు లేని పచ్చని కాడల గుంపువలె కనిపిస్తుంది. కాడ నాలుగు పలకలుగా, రసంతో నిండి, మెత్తగా ఉంటుంది. ఆకులు లేకపోలేదు. అవి చాల చిన్నవి, త్వరలోనే రాలిపోతవి. ఆకు చేయవలసిన పనిని పచ్చని కాడయే చేస్తుంది. ఆకులు లేనందున నీరు ఆవిరియై పోవుట తగ్గుతుంది. ఎండకాలంలో కాడ ముడుచుకొనిపోయినా చావదు. వాన పడగానే మరల నిండుతుంది. ముండ్ల పొదల నీడన, పశువుల నోటికి సులభంగా అందని చోట ఇది ఎక్కువగా బ్రతుకుతుంది.

తెలుగుదేశంలో పలుచోట్ల దీనిని, దీని దగ్గర బంధువులను కుందేటి కొమ్ములు అంటారు. గొర్రెల కాపరులు లేత కాడలను పచ్చివిగానే నములుతారు. దప్పికను, ఆకలిని కొంతసేపు ఆపుతుందని వారి అనుభవం. కొన్నిచోట్ల పచ్చడి చేస్తారు, ఊరగాయ పెడతారు.

దీని పూవు చిన్న నక్షత్రంవలె ఉంటుంది. అయిదు రేకులు అడుగున కలిసిపోయి, దళసరిగా, ఊదా గోధుమ రంగులు కలిసి కనిపిస్తవి. ఈ గుంపు మొక్కల పూలకు సువాసన లేదు. చాలవాటికి కుళ్ళిన మాంసపు వాసన ఉంటుంది. తుమ్మెదలకు బదులు ఈగలు ఆ వాసనకు వచ్చి వాలుతవి. ఈగ కాలికి పుప్పొడి తగులుకొని మరొక పూవుకు చేరుతుంది. మనుష్యులకు రోత కలిగించే వాసన ఆ మొక్కకు సంతానం కలిగించే సాధనం.

నేడు శాస్త్రజ్ఞులు ఈ మొక్కను కారల్లుమా అడ్‌సెండెన్స్ అంటారు. ఇందులో రెండవ మాట లాటిన్ మాట. పైకి లేచునది అని దాని అర్థం. కాడ నిటారుగా లేచి, కొస సన్నబడుతుంది గనుక ఆ విశేషణం వచ్చినది. మొదటి మాట కారల్లుమా లాటిన్ కాదు, గ్రీకు కాదు. అది తెలుగు మాట.

సామర్లకోట తోట

ఆ మాట గ్రంథస్థమైనది రొళ్లకు చాల దూరంగా, తూర్పు సముద్రతీరంలో. 18వ శతాబ్దపు చివరి భాగంలో కోరమాండల్ తీరాన ముగ్గురు వైద్యులు ఒకరి తరువాత ఒకరు మొక్కలను పరిశీలించినారు. మొదటివాడు యోహాన్ కూనిగ్. ఆయన స్వీడన్ దేశపు లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి, తరువాత ఈస్టిండియా కంపెనీకి వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించినాడు. ఆయన స్థానంలోనికి పాట్రిక్ రస్సెల్ వచ్చినాడు. మన పాములను గురించి గ్రంథం వ్రాసినది ఈయనే. రస్సెల్ తరువాత ఆ బాధ్యత విలియం రాక్స్‌బర్గ్‌కు దక్కినది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టినాడు. ఎడింబరోలో చదివి, 1776లో మద్రాసుకు సహాయ వైద్యుడుగా వచ్చినాడు. 1781 నుండి సామర్లకోటలో ఉండి, అక్కడ ఒక తోటను పెంచినాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళే వరకు ఆయన పనికి ఈ తెలుగు ప్రాంతమే కేంద్రం.

ఆయన పనిచేసిన పద్ధతి గమనింపదగినది. ఆనాడు యూరపులో చాలమంది ఎండిన కొమ్మను చూచి మొక్కను వర్ణించేవారు. రాక్స్‌బర్గ్ బ్రతికి ఉన్న మొక్కను ఎదుట ఉంచుకొని వ్రాసినాడు. ఇక్కడి చిత్రకారులచేత రంగుబొమ్మలు వేయించినాడు. పూవును విప్పి, లోపలి భాగాలను విడివిడిగా చూపించినాడు. మొక్క ఎక్కడ పెరుగుతుంది, ఏ కాలంలో పూస్తుంది, ప్రజలు దేనికి వాడుకొంటారు అని విచారించినాడు. వీటన్నిటితోపాటు తెలుగువారు దానిని ఏమని పిలుస్తారో అడిగి వ్రాసుకొన్నాడు. ఇట్లు ఆయన జీవితకాలంలో వేయించిన బొమ్మలు రెండు వేల అయిదు వందలకు పైబడినవి. వాటి ప్రతులు ఒకటి కలకత్తాలోను, ఒకటి ఇంగ్లండులోని క్యూ ఉద్యానంలోను నిలిచి ఉన్నవి.

ఈ బొమ్మలలో 300 ఎన్నుకొని, సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో లండనులో గ్రంథంగా అచ్చువేసినారు. దాని పేరు కోరమాండల్ తీరపు మొక్కలు. మొదటి భాగం 1795లో వెలువడనారంభించినది. మూడు సంపుటాలు పూర్తియగుటకు ఇంచుమించు పాతిక సంవత్సరాలు పట్టినది. ఆ మొదటి సంపుటంలోనే ఆకులు లేని ఈ నాలుగు పలకల మొక్క బొమ్మ ఉన్నది. దక్షిణాఫ్రికాలో ఇటువంటి నక్షత్రపు పూలు గల మొక్కలను లిన్నేయస్ స్టపీలియా అన్నాడు గనుక, రాక్స్‌బర్గ్ దీనికి స్టపీలియా అడ్‌సెండెన్స్ అని పేరు పెట్టినాడు. తెలుగువారు దీనిని కార్ అల్లం అంటారని కూడ వ్రాసినాడు.

లండనులో విప్పి చూచిన పూవు

రాబర్ట్ బ్రౌన్ కూడ స్కాట్లండువాడే. 1801 నుండి 1805 వరకు ఆస్ట్రేలియా యాత్రలో మొక్కలు సేకరించి వచ్చి, బ్యాంక్స్ గ్రంథాలయాన్ని, వృక్షసంగ్రహాన్ని ఆధారంగా చేసుకొని పరిశోధన సాగించినాడు. 1810లో ఆయన జిల్లేడు కుటుంబాన్ని గురించి ఒక వ్యాసం ప్రకటించినాడు. అంతవరకు జిల్లేడు, గన్నేరు మొదలైనవన్నీ ఒకే కుటుంబంగా ఉండేవి. బ్రౌన్ పూలను సూక్ష్మంగా పరిశీలించి జిల్లేడు వర్గాన్ని వేరుచేసినాడు.

ఆయన చూచిన భేదం ఇది. గన్నేరులో పుప్పొడి పొడిగానే ఉంటుంది. జిల్లేడులో అది పొడిగా ఉండదు. మైనంవంటి చిన్న ముద్దలుగా ఏర్పడి, రెండేసి ముద్దలు ఒక సన్నని కొక్కెంవంటి భాగంతో జత కలిసి ఉంటవి. కీటకం కాలు ఆ పూవులోని సందులో చిక్కుకొన్నపుడు కొక్కెం తగులుకొని, ముద్దల జత మొత్తం ఊడి వస్తుంది. జిల్లేడు పూవు నడుమనున్న అయిదు మూలల బిళ్ళ దగ్గర సూది మొనతో మెల్లగా ఎత్తితే విద్యార్థులు దీనిని తామే చూడవచ్చును. ఒక చేతి అద్దం ఉంటే చాలు. పాలు కంట పడకుండ జాగ్రత్త వహించవలెను.

జిల్లేడు మనిషి ఎత్తు పెరిగే పొద. పెద్ద ఆకులు, గిల్లితే ధారగా పాలు. కుందేటి కొమ్ముల మొక్క జానెడు, మూరెడు పెరిగే ఆకులేని కాడ. దానికి తెల్లని పాలు కారవు, నీరువంటి రసం మాత్రమే ఉంటుంది. పైకి చూస్తే ఈ రెండింటికీ పోలిక లేదు. పూవు విప్పితే అదే పుప్పొడి ముద్దల జత రెండింటిలోను కనిపిస్తుంది. కాయ చూచినా అంతే. రెండింటికీ కాయ పగిలినపుడు పట్టుకుచ్చు గల గింజలు గాలికి ఎగిరిపోతవి. మొక్కల చుట్టరికం ఆకును బట్టి గాక, పూవును, కాయను బట్టి తెలుస్తుందనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆ వ్యాసంలోనే బ్రౌన్ మరొక పని చేసినాడు. రాక్స్‌బర్గ్ వర్ణించిన తెలుగుదేశపు మొక్క దక్షిణాఫ్రికా స్టపీలియాలతో పూర్తిగా కలియదని తేల్చి, దానికోసం కొత్త ప్రజాతిని ఏర్పరచినాడు. దగ్గరి పోలికలు గల జాతుల సముదాయాన్ని ప్రజాతి అంటారు. దానికి పెట్టిన పేరు కారల్లుమా. రాక్స్‌బర్గ్ వ్రాసుకొన్న కార్ అల్లం అనే మాటకు లాటిన్ తోక తగిలించగా వచ్చిన రూపం అది.

జిల్లేడు కుటుంబం మీద బ్రౌన్ చేసిన శ్రమ మరొక ఫలితాన్ని కూడ ఇచ్చినది. ఆర్కిడ్ పూలలోను, జిల్లేడు వర్గపు పూలలోను ఫలదీకరణం ఎట్లు జరుగుతుందో వివరిస్తూ 1831లో చదివిన వ్యాసంలో ఆయన జీవకణపు నడుమ కనిపించే గుండ్రని భాగానికి న్యూక్లియస్ అని పేరు పెట్టినాడు. నేడు ప్రతి విద్యార్థి చదివే కణకేంద్రకం అదే.

తెలుగు మాటా, అరబ్బు మాటా?

కారల్లుమా అనే పేరు నిలిచినది గాని, దాని పుట్టుక చాలకాలం మరుగున పడినది. ఈ ప్రజాతి మొక్కలు అరేబియాలోను, ఆఫ్రికాలోను కూడ ఉన్నవి. అందుచేత ఈ మాట అరబ్బీ నుండి వచ్చినదనీ, మాంసంలోని పుండు అని దాని అర్థమనీ, పూల దుర్వాసనను బట్టి ఆ పేరు వచ్చినదనీ కొన్ని గ్రంథాలలో వ్రాసినారు. వినుటకు ఆ వివరణ పొందికగానే ఉన్నది. కాని బ్రౌన్ ఈ ప్రజాతిని ఏర్పరచినది అరేబియా మొక్కను చూచి కాదు, రాక్స్‌బర్గ్ ప్రకటించిన మొక్కను ఆధారం చేసుకొని. ఆ మొక్క వర్ణనలోనే తెలుగు పేరు అచ్చుపడి ఉన్నది. మూలగ్రంథాన్ని తెరచి చూచినవారు ఈ పొరపాటును సవరించినారు.

ఒక మాట పుట్టుకను ఊహతో గాక ఆధారంతో నిర్ణయించవలెనని ఈ సంగతి తెలుపుతున్నది. పూవును గుర్తించుటలోను నియమం ఇదే. అందంగా అతికే సమాధానం నిజం కావలెనని లేదు.

ఇట్లు శాస్త్రనామంగా మారిన తెలుగు పేరు ఇది ఒక్కటే కాదు. చేదు బెరడును జ్వరాలకు వాడే సోమిద చెట్టును రాక్స్‌బర్గ్ మొదట మరొక ప్రజాతిలో చేర్చినాడు. 1830లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జుస్సియూ దానికి సొయ్‌మిడా అనే ప్రజాతిని ఏర్పరచినాడు. అది సోమిదయే. ఎండు గుట్టలలో పెరిగే సండ్ర చెట్టు పేరు కూడ రాక్స్‌బర్గ్ పెట్టిన జాతి నామంలో చోటుచేసుకొన్నది.

పేరు చెప్పినవారు, బొమ్మ వేసినవారు

ఈ చరిత్రలో ఒక లోటు ఉన్నది. కార్ అల్లం అని రాక్స్‌బర్గ్‌కు చెప్పినవారు ఎవరు? కాపరియా, వైద్యుడా, తోటలో పనిచేసిన కూలియా? ఆ గ్రంథం చెప్పదు. బొమ్మ వేసిన చిత్రకారుని పేరు కూడ అందులో లేదు. వర్ణించినవాని పేరు మాత్రం మొక్క పేరు వెంట నేటికీ వ్రాస్తున్నారు.

తరువాతి తరంలో ఈ లోటు కొంత తీరినది. 1819లో మద్రాసుకు వచ్చిన రాబర్ట్ వైట్ అనే వైద్యుడు దక్షిణదేశపు మొక్కలను వర్ణిస్తూ 1838 నుండి 1853 వరకు రెండు వేల ఒక వందకు పైగా చిత్రపటాలను అచ్చువేయించినాడు. ఆయనకు బొమ్మలు వేసినవారిలో రంగయ్య, గోవిందు అనే ఇద్దరి పేర్లు దొరుకుతున్నవి. వీరు తంజావూరులో స్థిరపడిన తెలుగు చిత్రకారుల సంప్రదాయానికి చెందినవారని పరిశోధకులు చెబుతున్నారు. వైట్ 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని తన చిత్రకారుని పేరే పెట్టినాడు. ఆ ప్రజాతిని తరువాత మరొక దానిలో కలిపివేసినారు. అయినను పరిశీలించి గీసినవాని పనిని శాస్త్రంలో భాగంగా గుర్తించిన సందర్భం అది.

తీరం నుండి గుట్టలకు

తీరంలో ఈ పని సాగుతుండగా రొళ్ల వైపు ఎవరు చూచినారు? 1799లో టిప్పు సుల్తాను మరణించిన తరువాత, మైసూరు ప్రాంతపు స్థితిగతులను విచారించుటకు గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుని పంపినాడు. బుకానన్ 1800లో మధుగిరి, శిర ఊళ్ళ మీదుగా వెళ్ళినాడు. ఈ రెండు ఊళ్ళూ నేటి సరిహద్దుకు అవతల, రొళ్లకు చాల దగ్గరలోనే ఉన్నవి. ఆయన పంటలు, నేలలు, పశువులు, అడవి చెట్లు అన్నిటినీ అక్కడివారు చెప్పిన పేర్లతోనే వ్రాసుకొన్నాడు. ఆ యాత్రాగ్రంథం 1807లో మూడు సంపుటాలుగా వెలువడినది. 1800లోనే నిజాము రాయలసీమ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేసినాడు.

మొక్కల తెలుగు పేర్లను ఒకచోట చేర్చే ప్రయత్నాలు 19వ శతాబ్దపు నడుమ సాగినవి. 1852లో వెలువడిన తన తెలుగు నిఘంటువులో సి.పి. బ్రౌన్ అనేక మొక్కల పేర్లకు శాస్త్రనామాలు ఇచ్చినాడు. 1859లో సర్ వాల్టర్ ఇలియట్ ఫ్లోరా ఆంధ్రికా అనే పుస్తకాన్ని మద్రాసులో అచ్చువేయించినాడు. ఉత్తర సర్కారులలోని తెలుగు జిల్లాలలో కనిపించే మొక్కలకు తెలుగు పేర్లు, వాటికి సరియైన శాస్త్రనామాలు అందులో ఉన్నవి. అది తీరప్రాంతపు పుస్తకం. రాయలసీమ గుట్టలవారి మాటలు అందులో వెదకిన అన్నీ దొరకవు.

ఆ తరువాత పెద్ద గ్రంథాలు వచ్చినవి. హుకర్ సంపాదకత్వంలో 1872 నుండి 1897 వరకు బ్రిటిష్ ఇండియా వృక్షసంపద ఏడు సంపుటాలుగా వెలువడినది. మద్రాసు రాజధాని మొక్కల గ్రంథాన్ని గాంబుల్ 1915లో ప్రారంభించినాడు. 1925లో ఆయన మరణించగా, ఫిషర్ దానిని కొనసాగించి 1936 నాటికి ముగించినాడు. అనంతపురం జిల్లాకు ప్రత్యేకంగా గ్రంథం రావడానికి మరి అర్ధశతాబ్దం పట్టినది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో సాగిన పరిశోధన ఫలితంగా టి. పుల్లయ్య, ఎన్. యశోద 1989లో అనంతపురం జిల్లా వృక్షసంపద అనే ఇంగ్లీషు గ్రంథాన్ని ప్రకటించినారు. రొళ్ల పరిసరాలలో పూవును గుర్తించదలచిన ఉపాధ్యాయునికి ఇది చేతిలో ఉండదగిన పుస్తకం.

పేరు ఒక్కటే చాలదు

ఊరి పేరు విలువైనదే. అయినను అది ఒక్కటే ఆధారం కాకూడదు. ఒకే పేరు వేరువేరు మొక్కలకు ఉండుట సాధారణం. శంఖపుష్పి అనే సంస్కృత నామాన్నే చూడండి. ఉత్తరదేశంలో దానితో ఒక మొక్కను సూచిస్తారు. మరికొన్నిచోట్ల నేల మీద ప్రాకే చిన్న నీలిపూల విష్ణుక్రాంతను అదే పేరుతో పిలుస్తారు. దక్షిణాన తీగగా ప్రాకి, చిక్కుడుపూవు ఆకారంలో పెద్ద నీలిపూవు పూచే మొక్కకు ఆ పేరు ఉన్నది. మూడింటికీ పూవు నిర్మాణం వేరు.

కొన్నిచోట్ల ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. వానకాలంలో పొదల మీద ఎగబ్రాకి, పసుపు ఎరుపు రంగుల రేకులను వెనుకకు విరిచి మంటవలె వెలిగే పూవు అడవినాభి. ఆకు కొన తీగవలె చుట్టుకొనుట దాని గుర్తు. ఈ లక్షణం మరచిపోక చూస్తే పొరబడుటకు వీలు లేదు. దాని దుంపలో కాల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఉన్నది. తినే దుంప అనుకొని వండుకొని మరణించినవారు శ్రీలంకలో ఉన్నారు. వసనాభి అనే మరొక విషపు దుంప హిమాలయాలలో పెరుగుతుంది. పేరులో నాభి ఉన్నంతమాత్రాన రెండూ ఒకటి కావు, వాటి విషాలూ ఒకటి కావు.

కుందేటి కొమ్ముల విషయంలోను అట్టి జాగ్రత్త అవసరం. ఆకులేని పచ్చని పలకల కాడ జెముడు జాతులలోను ఉంటుంది. జెముడు కాడ విరిగితే తెల్లని పాలు కారుతవి. అవి కంట పడితే తీవ్రమైన మంట, వాపు కలుగుతవి. కారల్లానికి పాలు లేవు. జెముడు పూలు చాల చిన్నవి, గిన్నెవంటి భాగంలో ఇమిడి ఉంటవి. కారల్లం పూవు అయిదు కొసల నక్షత్రం. ఈ రెండు గుర్తులూ కలిస్తేనే నిర్ణయానికి రావలెను. తెలియని మొక్కను రుచి చూచి గుర్తించే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు.

కారల్లాలలోనే మరల భేదాలు ఉన్నవి. కారల్లుమా అడ్‌సెండెన్స్‌లో కాడ కొస సన్నబడి, ఆ సన్నని భాగం పొడవునా పూలు ఒకటి రెండుగా పూస్తవి. కారల్లుమా అంబెల్లాటాలో కాడ లావుగానే ఉండి, కొసన పూలన్నీ బంతివలె గుంపుగా పూస్తవి. వాసన దూరం నుండే తెలుస్తుంది. రెండింటినీ ప్రజలు కుందేటి కొమ్ములనే అంటారు. ఇక్కడ ఊరి పేరు ప్రజాతి వరకు దారి చూపుతుంది, జాతిని తేల్చుటకు కన్ను అవసరం.

గుట్టమీద ఏ పూవునైనా గుర్తించుటకు వేయవలసిన ప్రశ్నలు కొన్నే. ఆకులు ఎదురెదురుగా ఉన్నవా, ఒకటి విడిచి ఒకటి ఉన్నవా? రేకులు ఎన్ని? విడిగా ఉన్నవా, కలిసి ఉన్నవా? కేసరాలు ఎన్ని? పాలు ఉన్నవా? కాయ ఎట్టిది? తంగేడు, రేల రెండింటికీ అయిదు విడి పసుపు రేకులే. తంగేడు పొద, దాని కాయ పలుచని పట్టీ. రేల చెట్టు, పూలగుత్తులు వ్రేలాడుతవి, కాయ కోలకర్రవలె గుండ్రంగా పొడవుగా ఉంటుంది.

మారే పేర్లు, తరిగే గుట్టలు

శాస్త్రనామాలు కూడ కదలకుండ ఉండవు. తంగేడును లిన్నేయస్ 1753లో కాసియా అన్నాడు. రాక్స్‌బర్గ్ గ్రంథం 1832లో దానిని సెన్నాలో చేర్చినది. చాలకాలం ఎవరూ ఆ మార్పును పాటించలేదు. 1982లో కాసియా ప్రజాతిని సమగ్రంగా సవరించిన తరువాత తంగేడుకు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరే మరల వాడుకలోనికి వచ్చినది. రాబర్ట్ బ్రౌన్ విడదీసిన జిల్లేడు కుటుంబాన్ని 1998లో జన్యు పరిశోధనల ఆధారంతో మరల గన్నేరు కుటుంబంలో కలిపినారు. 2017లో కొందరు పరిశోధకులు కారల్లుమా ప్రజాతిని కూడ సిరోపీజియా అనే పెద్ద ప్రజాతిలో చేర్చవలెనని ప్రతిపాదించినారు. అందరూ దానిని అంగీకరించలేదు. ఆ ప్రతిపాదన నిలిచిన పక్షంలో, రెండు శతాబ్దాలకు పైగా ప్రపంచమంతటా పలికిన తెలుగు మాట ప్రజాతి నామంగా మరుగున పడుతుంది.

ఇంతకంటె పెద్ద ప్రశ్న మొక్కను గురించినది. ఆకలి తగ్గించి ఒళ్ళు సన్నబరచే మందుగా కారల్లం పొడి, సారం దేశదేశాల అంగళ్ళలో అమ్ముడుపోతున్నవి. 2007లో ప్రకటించిన బెంగుళూరు పరిశోధనలో సుమారు 50 మందిని రెండు నెలలు పరీక్షించినారు. ఆకలి, నడుము కొలత కొంత తగ్గినవి గాని, శరీరపు బరువులో చెప్పదగిన తేడా కనిపించలేదు. ఇంత చిన్న పరీక్ష మీద పెద్ద నమ్మకాలు కట్టరాదు. గిరాకీ పెరిగినకొద్దీ గుట్టల మీది మొక్కను వేళ్ళతో పెకలించే అవకాశం ఎక్కువవుతుంది. రాతి తవ్వకం సాగినచోట గుట్టతోపాటు దానిమీది మొక్కలన్నీ పోతవి. మేకలను తోలుకొనిపోయే పని మానుకొన్న కుటుంబాలలో పిల్లలకు ఆ మొక్క పేరు తెలియదు. మొక్క పోక ముందే పేరు పోవచ్చును. పేరు పోయిన మొక్క పోయినప్పుడు అడిగేవారుండరు.

ఉన్నత పాఠశాల చేయగల పని ఇక్కడ ఉన్నది. వానల తరువాత రెండు మూడు విడతలు గుట్టకు వెళ్ళి, విరివిగా దొరికే మొక్కల నుండి పూవుతో, వీలైతే కాయతో కూడిన ఒక్కొక్క కొమ్మను తేవలెను. అరుదైనవాటిని పెరకక, బొమ్మ గీసుకొని రావలెను. తెచ్చిన కొమ్మను వార్తాపత్రిక మడతలో పరచి, బరువు పెట్టి, కాగితాన్ని ప్రతిదినం మార్చుతూ ఎండబెట్టవలెను. ఎండిన తరువాత రంగు, వాసన మిగలవు గనుక వాటిని తాజాగా ఉన్నప్పుడే వ్రాసుకొనవలెను. దళసరి కాగితానికి కుట్టి, క్రింద చీటీ అంటించవలెను. అందులో తేదీ, చోటు, నేల స్వభావం, మొక్క ఎత్తు, ఊరివారు తెలుగులో చెప్పిన పేరు, కన్నడంలో చెప్పిన పేరు, ఉపయోగం, ఇవి ఉండవలెను. శాస్త్రనామం తరువాత చేర్చవచ్చును. సందేహం తీరనివాటిని విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర శాఖవారికి చూపవచ్చును.

ఆ చీటీలో మరొక గడి కూడ ఉంచుట మంచిది: పేరు చెప్పినవారు ఎవరు? రాక్స్‌బర్గ్ కాలంలో ఆ గడి లేదు. అందువల్లనే కారల్లం అనే మాటను శాస్త్రానికి ఇచ్చిన తెలుగువాడు ఎవరో నేడు ఎవరికీ తెలియదు.